చేప ఈతను నడిపేది మెదడా, వెన్నుపామా? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు చేప గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ చేప ఏ కాలంలో రుచిగా ఉంటుందో, ఏ చెరువులో ఏది బాగా ఎదుగుతుందో ఇక్కడ అందరికీ కొట్టిన పిండి. కానీ ఆ చేప ఎలా ఈదుతోంది, దాని ఒంట్లో ఎవరి మాట ఎవరు వింటున్నారు అని అడిగితే మాత్రం చాలామంది "మెదడు" అని ఊరుకుంటారు. అది సగం జవాబే. మిగతా సగం ఇంకా బాగుంటుంది. జువాలజీ చదివే పిల్లలు, ఆక్వా రైతులు, మార్కెట్లో చేప కోయించుకుంటూ సందేహం వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను.

తోక ఊపిన ప్రతిసారీ మెదడు చెప్పాల్సిందేనా?

అక్కర్లేదు. కుడికి వంగు, ఎడమకు వంగు, మళ్ళీ కుడికి అంటూ సాగే లయ వెన్నుపాములోనే పుడుతుంది. మెదడు చెప్పేది "మొదలుపెట్టు", "వేగం పెంచు", "అటు తిరుగు", "ఆపు" లాంటివి. పొలంలో మోటారుకు స్టార్టర్ నొక్కాక ప్రతి చుట్టూ మనం తిప్పం కదా, మెదడుకూ వెన్నుపాముకూ మధ్య ఏర్పాటు దాదాపు అలాంటిదే. కాకపోతే స్టార్టర్‌కు ఆన్, ఆఫ్ రెండే. మెదడు నుంచి వచ్చే సంకేతం బలపడేకొద్దీ ఈత వేగం కూడా పెరుగుతుంది.

వెన్నుపాములో ఈ లయను పుట్టించే నాడీకణాల అల్లికను సెంట్రల్ పాటర్న్ జనరేటర్ అంటారు. మనం దీన్ని లయకేంద్రం అనుకుందాం. కేంద్రం అన్నాను కదా అని ఒకేచోట ఉంటుందనుకోవద్దు. తల వెనక నుంచి తోకదాకా వెన్నుపాము పొడవునా పరచుకుని ఉంటుంది.

తల తీసేశాక కూడా కొర్రమీను కొట్టుకుంటుందెందుకు? దానికి నొప్పి తెలుస్తుందా?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చేపల మార్కెట్లో నిలబడి చూస్తే తెలుస్తుంది: తల తీసి పక్కన పెట్టినా మొండెం ఒకటి రెండు మెలికలు తిరుగుతుంది. పొలుసు తీయడానికి చెయ్యి వేయగానే మళ్ళీ అదురుతుంది. వెన్నెముక లోపల వెన్నుపాము ఇంకా పనిచేస్తూనే ఉంది. కత్తి దిగినచోట నాడీకణాలు ఒక్కసారిగా ఉద్రేకపడతాయి. చర్మాన్ని తాకితే వచ్చే సంకేతం మెదడు దాకా పోకుండా వెన్నుపాములోనే మలుపు తిరిగి కండకు చేరుతుంది. కొర్రమీను గాలి పీల్చే చేప, నీళ్ళ బయట చాలాసేపు బతుకుతుంది. అందుకే కోసే వేళకు కూడా దాని ఒంట్లో సత్తువ మిగిలే ఉంటుంది.

ముక్కలు చేసి ఉప్పు చల్లినప్పుడు కండ సన్నగా అదరడం వేరే సంగతి. అక్కడ వెన్నుపాముకు పనిలేదు. ఉప్పులోని సోడియం నేరుగా నాడి కొసల్నీ కండపోగుల్నీ రెచ్చగొడుతుంది. అందులో లయ ఉండదు, ఎక్కడికక్కడ వణుకు మాత్రమే.

ఇక నొప్పి. మొండేనికి నొప్పి తెలియదు, ఎందుకంటే నొప్పిని అనుభవంగా మార్చేది వెన్నుపాము కాదు. కానీ తెగిన తలలో మెదడు ఆ క్షణమే చచ్చిపోదు. తక్కువ ఆక్సిజన్‌కు అలవాటుపడ్డ చేపల్లో అది ఇంకాస్త సేపు నిలుస్తుంది. కాబట్టి మనం ఆలోచించాల్సింది కొట్టుకునే మొండెం గురించి కాదు, కదలకుండా పడున్న తల గురించి. కోసేముందు తలమీద గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి స్పృహ తప్పించమని నేను అడుగుతాను. మీరూ అడగండి. అదనంగా పట్టే సమయం అర నిమిషం కూడా ఉండదు.

లయ వెన్నుపాములోనే పుడుతుందన్న సంగతి ఎలా బయటపడింది?

చేపతో కాదు, పిల్లితో మొదలైంది. 1911లో థామస్ గ్రాహమ్ బ్రౌన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పిల్లి వెన్నుపామును మెదడు నుంచి విడదీశాడు. కాళ్ళ నుంచి వచ్చే స్పర్శ సంకేతాలను కూడా తెంచేశాడు. అయినా వెనక కాళ్ళ కండరాలు నడకలో లాగా ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకున్నాయి. ఆ రోజుల్లో నడకంటే గొలుసుకట్టు రిఫ్లెక్సులే అనుకునేవారు: ఒక అడుగు పడితే ఆ స్పర్శ తర్వాతి అడుగును లేపుతుందని. బ్రౌన్ చూసింది దానికి ఎదురు తిరిగే సాక్ష్యం. చాలా ఏళ్ళు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1930లలో కేంబ్రిడ్జ్‌లో జేమ్స్ గ్రే ఈల్ చేపలు ఈదే తీరును ఫొటోల వరసగా తీశాడు. ఒళ్ళంతా తల నుంచి తోకకు ఒక అల పాకుతోందని అందులో స్పష్టంగా కనిపించింది. వెన్నుపామును మెదడు నుంచి వేరుచేసిన డాగ్‌ఫిష్, అంటే ఒక చిన్న జాతి సొర, ఆగకుండా ఈదుతూనే ఉంటుందని కూడా అప్పటి పనుల్లోనే తేలింది. 1966లో మాస్కోలో షిక్, సెవెరిన్, ఓర్లోవ్‌స్కీ పిల్లి నడిమెదడులో ఒక చిన్న ప్రాంతాన్ని పట్టుకున్నారు. అక్కడ కొద్దిపాటి కరెంటు ఇస్తే పిల్లి నడుస్తుంది, కరెంటు పెంచితే పరిగెడుతుంది. తర్వాత లాంప్రే అనే, పాములా కనిపించే దవడల్లేని నీటి జీవిలోనూ అలాంటి ప్రాంతమే కనిపించింది.

అసలు మలుపు 1980లో వచ్చింది. స్టాక్‌హోమ్‌లో ఎవిస్ కోహెన్, పీటర్ వాలెన్ లాంప్రే వెన్నుపామును పూర్తిగా బయటికి తీసి చల్లటి ఉప్పునీటి ద్రావణంలో పెట్టారు. ఆ ద్రావణంలో నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనం కలిపారు. కండ లేదు, చర్మం లేదు, మెదడు లేదు. అయినా వెన్నుపాము నుంచి బయటికొచ్చే నాడుల్లో కుడి ఎడమలు మార్చి మార్చి సంకేతాలు మోగాయి. తల వైపు ముందు, తోక వైపు వెనక. ఈత తాలూకు పూర్తి ఆదేశమంతా ఆ గాజు పాత్రలో ఉన్న సన్నటి పట్టీలోంచే వస్తోంది! దీనికి ఫిక్టివ్ స్విమ్మింగ్, అంటే ఒళ్ళు కదలని ఉత్తుత్తి ఈత, అని పేరు. ఈ రంగంలో దశాబ్దాలు పనిచేసిన స్టెన్ గ్రిల్నర్‌కు 2008లో నాడీశాస్త్రంలో కావ్లీ బహుమతి మరో ఇద్దరితో కలిపి వచ్చింది.

ఇంకో ముచ్చట. మనస్తత్వ శాస్త్రంతో పేరు మోసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ విద్యార్థిగా వియన్నాలో చేసిన తొలి పరిశోధనల్లో ఒకటి లాంప్రే వెన్నుపాములోని కణాల మీదే. 1870లలో మాట అది.

లాంప్రే అంటే ఏమిటి? మన పెన్నలో గానీ గుండ్లకమ్మలో గానీ దొరుకుతుందా?

దొరకదు. అది చల్లటి ప్రాంతాల జీవి. యూరప్, ఉత్తర అమెరికా నదుల్లో, తీరాల్లో ఉంటుంది. చూడ్డానికి పాములా ఉంటుంది గానీ పాము కాదు, ఈల్ కూడా కాదు. దానికి దవడలే లేవు. నోరు గుండ్రంగా, లోపల కొమ్ములాంటి పళ్ళతో, పట్టుకుని పీల్చడానికి వీలుగా ఉంటుంది. తల వెనక రెండు పక్కలా ఏడేసి మొప్ప రంధ్రాలు. మిగతా వెన్నెముక జీవుల దారి నుంచి దాని దారి దాదాపు 50 కోట్ల ఏళ్ళ కింద విడిపోయింది.

మన బొమ్మిడాయి, మలుగుపాము ఒంటి తీరులో దాన్ని గుర్తుచేస్తాయి. కానీ అవి దవడలున్న, ఎముకలున్న అసలు చేపలు. ఆకారం ఒకేలా ఉంది కాబట్టి ఈత తీరు మాత్రం చాలా దగ్గర. తల దగ్గర చిన్నగా మొదలైన వంపు తోక చేరేసరికి పెద్దదవుతుంది.

ఇన్ని చేపలుండగా లాంప్రేనే ఎందుకు పట్టుకున్నారు?

సౌకర్యం కోసం. దాని వెన్నుపాము రిబ్బన్‌లా పలచగా, కాంతి దూరేంత పారదర్శకంగా ఉంటుంది. లోపల రక్తనాళాలు ఉండవు కాబట్టి చుట్టూ ఉన్న ద్రావణం నుంచే ఆక్సిజన్ అందుకుని, చల్లగా ఉంచితే రోజుల తరబడి పనిచేస్తుంది. కొన్ని నాడీకణాలు మైక్రోస్కోపు కింద విడివిడిగా గుర్తుపట్టేంత పెద్దవి. ఒక్కో కణంలోకి సన్నటి గాజు సూది దించి అది ఎప్పుడు మోగుతోందో, అంటే సంకేతం పంపుతోందో, ఎవరికి చెబుతోందో వినొచ్చు. ఎలుకలో అదే పని చేయాలంటే ఎంతో కష్టం.

లయకేంద్రం లోపల అసలు ఏం జరుగుతుంది?

ఇది కాస్త నెమ్మదిగా చదవాల్సిన భాగం. మొత్తం విషయానికి గుండెకాయ ఇదే.

లాంప్రే ఒళ్ళు సుమారు 100 ఖండాలు. ప్రతి ఖండంలో వెన్నుపాముకు ఎడమ సగం, కుడి సగం ఉంటాయి. ఒక్కో సగంలో మూడు రకాల కణాలను గుర్తుపెట్టుకుంటే చాలు. మొదటివి ఉత్తేజ కణాలు. ఇవి గ్లూటమేట్ అనే రసాయనాన్ని వదిలి ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి, తమ పక్కనున్న మిగతా కణాలనూ లేపుతాయి. రెండోవి మోటార్ కణాలు. ఇవే కండకు ఆదేశం మోసుకెళ్ళేవి. మూడోవి నిరోధక కణాలు. వీటి తీగ, అంటే కణం నుంచి సాగే పొడవాటి పోగు, నడిగీత దాటి అవతలి సగానికి వెళ్తుంది, అక్కడ గ్లైసిన్ అనే రసాయనాన్ని వదిలి ఆ వైపు కణాలన్నిటి నోరు నొక్కుతుంది.

ఇప్పుడు మెదడు కాండం నుంచి రెండు వైపులకూ సమానంగా ఉత్తేజం వచ్చిందనుకోండి. ఏదో ఒక వైపు, ఎడమే అనుకుందాం, వెంట్రుకవాసి ముందు మొదలవుతుంది. ఎడమ ఉత్తేజ కణాలు లేస్తాయి, ఎడమ కండ బిగుస్తుంది, ఒళ్ళు ఎడమకు వంగుతుంది. అదే సమయంలో ఎడమ నిరోధక కణాలు కుడివైపును పూర్తిగా అణిచేస్తాయి. మరి ఎడమ ఎప్పటికీ అలాగే ఎందుకు ఉండిపోదు? కణం మోగిన కొద్దీ దాని లోపలికి కాల్షియం చేరుతుంది. ఆ కాల్షియం కణం గోడలోని పొటాషియం ద్వారాలను తెరుస్తుంది. పొటాషియం బయటికి పోతుంటే కణం మెల్లగా చల్లబడి మోగడం ఆపుతుంది. ఎడమ ఆగగానే కుడి మీద ఉన్న అణచివేత తొలగిపోతుంది. పైనుంచి ఉత్తేజం ఎలాగూ వస్తూనే ఉంది కాబట్టి కుడి లేస్తుంది, లేస్తూనే ఎడమను అణిచేస్తుంది. ఈ వంతులాట సెకనుకు పావు సారి నుంచి పది సార్ల దాకా జరగగలదు.

నిరోధం ఎంత ముఖ్యమో స్ట్రిక్నిన్ అనే విషం చూపించింది. అది గ్లైసిన్ పనిని అడ్డుకుంటుంది. ద్రావణంలో కలిపితే కుడి ఎడమల వంతు పోయి రెండు వైపులూ ఒకేసారి మోగుతాయి. అలాంటి చేప బిగుసుకుపోతుందే తప్ప ఈదలేదు. కానీ ఇంకో ప్రయోగం ఉంది, నాకు అదే ఎక్కువ ఆశ్చర్యం. వెన్నుపామును నడిగీత మీద నిలువుగా చీల్చి ఎడమ సగాన్ని విడిగా పెట్టినా అది లయ పుట్టిస్తూనే ఉంటుంది. అంటే మోగడం, ఆగడం అనే గుణం ఒక్క వైపు ఉత్తేజ కణాల గుంపులోనే ఉంది. అవతలి వైపుతో పోటీ ఆ లయను పుట్టించదు, వంతులుగా సర్దుతుంది.

అల తల నుంచి తోకకే ఎందుకు పోతుంది? వేగం మారితే ఏమవుతుంది?

ఒక ఖండం మోగిన తర్వాత పక్క ఖండం మోగడానికి పట్టే ఆలస్యం ఒక పూర్తి చుట్టులో, అంటే ఎడమ కుడి వంతులు ఒకసారి ముగిసే సమయంలో, సుమారు నూరోవంతు. ఖండాలు దాదాపు నూరు. కాబట్టి ఒంటి మీద ఎప్పుడు చూసినా ఒక పూర్తి అల ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క చేయండి. సెకనుకు ఒకసారి తోక ఊపేటప్పుడు చుట్టు నిడివి 1000 మిల్లీ సెకన్లు, ఆలస్యం 10. సెకనుకు నాలుగుసార్లు ఊపేటప్పుడు చుట్టు 250 మిల్లీ సెకన్లు, ఆలస్యం 2.5. సంకేతం తీగలో ప్రయాణించే వేగమే ఆలస్యానికి కారణమైతే అది ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఇక్కడ ఆలస్యం చుట్టుతో పాటు సాగుతోంది, కుంచించుకుపోతోంది. కాబట్టి పక్కపక్క లయకేంద్రాలు ఒకదాన్నొకటి లాక్కుంటూ సర్దుకుంటున్నాయన్నమాట. ఏ చోట ఉత్తేజం ఎక్కువుంటే ఆ చోటు ముందు నడుస్తుంది, మిగతావి దాని వెనక వస్తాయి. గాజు పాత్రలో వెన్నుపాము తోక కొసకు మాత్రమే ఎక్కువ రసాయనం తగిలిస్తే అల తిరగబడి తోక నుంచి తలకు పోయింది. లాంప్రే వెనక్కి ఈదాల్సి వచ్చినప్పుడు దాని ఒంట్లోనూ అల అలాగే తిరగబడుతుంది.

వెన్నుపామే అంతా చేస్తే, నీటి వాలు చేపకు ఎలా తెలుస్తుంది?

వర్షాకాలంలో చెరువు కలుజు మీదుగా నీళ్ళు పారేటప్పుడు చేపలు ఎదురెక్కడం మన దగ్గర చూడని పల్లె ఉండదు. ఆ ఎదురీతలో లయకేంద్రం ఒక్కటే చాలదు. ఒంటి పక్కన తల నుంచి తోకదాకా కనిపించే సన్నటి గీత ఉంది చూశారా, శీలావతిలో పొలుసుల మీద చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, అది పార్శ్వరేఖ. నీటి కదలికను పసిగట్టే కణాలు అందులో ఉంటాయి. దానికి తోడు కళ్ళు, లోపలి చెవి. వీటి కబురంతా మెదడుకు చేరి, అక్కడి నుంచి ఏ వైపు ఎక్కువ బలం పెట్టాలో వెన్నుపాముకు వెళ్తుంది. కుడివైపుకు కొంచెం ఎక్కువ ఉత్తేజం వస్తే కుడి వంపు పెద్దదై చేప కుడికి తిరుగుతుంది.

వెన్నుపాముకు సొంత పసికట్టే కణాలూ ఉన్నాయి. లాంప్రేలో అవి వెన్నుపాము అంచుల్లోనే ఉంటాయి. ఒళ్ళు వంగితే సాగుతాయి, సాగితే "ఇక చాలు, ఇటు తిప్పు" అన్న కబురు అక్కడికక్కడే అందుతుంది. ప్రయోగశాలలో వెన్నుపాము కొసను పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే లయ ఆ చేతి వేగాన్నే అందుకుంది. నీటి తోపుడు అనుకోకుండా మారినా ఈత చెడిపోకపోవడానికి ఇదొక కారణం.

వల పడే లోపే చేప మాయమవుతుంది. అంత వేగం ఎక్కడిది?

దానికి వేరే దారి ఉంది. వెనక మెదడులో ఎడమకొకటి, కుడికొకటి చాలా పెద్ద కణాలు రెండున్నాయి. 1859లో లుడ్విగ్ మౌత్నర్ మొదట వర్ణించాడు కాబట్టి మౌత్నర్ కణాలంటారు. ఎడమవైపు చప్పుడు వస్తే ఎడమ కణం ఒకే ఒక్కసారి మోగుతుంది. దాని లావైన తీగ నడిగీత దాటి కుడివైపు వెన్నుపాము పొడవునా దిగుతుంది. కుడి కండంతా ఒక్కసారిగా బిగుస్తుంది, చేప అర్ధచంద్రంలా వంగి చప్పుడుకు దూరంగా తల తిప్పేస్తుంది. చప్పుడు నుంచి వంపు మొదలయ్యేదాకా సుమారు 10 మిల్లీ సెకన్లు. ఆ తర్వాత మామూలు ఈత లయ అందుకుంటుంది. ఒక కణం మోగితే రెండోది అణిగిపోవాలి, లేదంటే రెండు వైపులూ బిగిసి చేప ఎటూ కదలలేదు. మౌత్నర్ కణాన్ని తీసేసిన చేప కూడా తప్పించుకుంటుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఆగ్నేయాసియాలో ఒక నీటిపాము ఈ ఏర్పాటునే తనకు ఆయుధం చేసుకుంది. దాని ముక్కు మీద రెండు కొమ్ముల్లాంటి స్పర్శకాలుంటాయి. తల పక్కగా చేప రాగానే పాము మొదట తన ఒంటిని సన్నగా కదిలిస్తుంది. చేప ఆ కదలికకు దూరంగా తిరుగుతుంది, తిరిగి నేరుగా పాము నోటి వైపు పోతుంది. కెన్నెత్ కటానియా 2009లో దీన్ని వేగవంతమైన కెమెరాతో చూపించాడు.

వానాకాలం గుంటల్లో తోకకప్పలు కూడా ఇలాగే ఈదుతాయా?

అవును. అక్టోబరు, నవంబరు వానలకు మన గుంటలన్నీ తోకకప్పలతో నిండిపోతాయి. వాటి ఈత కూడా ఎడమ కుడి వంతులాటే. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అలన్ రాబర్ట్స్ బృందం జీనోపస్ అనే ఆఫ్రికా కప్ప పిల్లల మీద చాలా ఏళ్ళు పనిచేసింది. గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల 5 మిల్లీ మీటర్లే, అయినా సెకనుకు 10 నుంచి 25 సార్లు తోక ఊపగలదు. ఒంటి మీద వెంట్రుకతో తాకితే ఈత మొదలవుతుంది. తలకింద జిగురు గ్రంథి ఉంటుంది, అది ఏ ఆకుకో తగలగానే ఈత ఆగిపోతుంది. ఆపమనే ఆ కబురుకు గాబా అనే నిరోధక రసాయనం వాడుకుంటుంది. ఇక్కడ లయకు ఇంకో కిటుకు ఉంది: అణచివేత తొలగిన మరుక్షణం కణం దానంతటదే ఎగిసి ఒకసారి మోగుతుంది. అవతలి వైపు నోరు నొక్కడమే దీనికి మళ్ళీ లేవడానికి ఊతం.

అక్వేరియం షాపులో దొరికే జీబ్రా చేపకూ దీనికీ సంబంధమేమిటి?

చాలా ఉంది. అది మన దేశపు చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా ప్రాంతపు చేపల్లో దాన్ని వర్ణించాడు. దాని పిల్లలు అద్దంలా పారదర్శకంగా ఉంటాయి. కణం మోగినప్పుడు వెలిగే ప్రొటీన్‌ను జన్యువుల ద్వారా ఎక్కిస్తే, బతికున్న పిల్ల వెన్నుపాములో ఏ కణం ఎప్పుడు పనిచేసిందో బయట నుంచే చూడొచ్చు. 2013లో అమెరికాలోని జనీలియా కేంద్రంలో ఇలా చేప పిల్ల మెదడు దాదాపు అంతటినీ ఒక్కో కణం తేడా తెలిసేలా చిత్రించారు.

ఈ చేప వల్ల తెలిసిన ముఖ్యమైన సంగతి వేగం గురించి. 2007లో డేవిడ్ మెక్లీన్, జోసెఫ్ ఫెచో బృందం చేప పిల్లల వెన్నుపాములో ఒక వరస ఉందని చూపించింది. మెల్లగా ఈదేటప్పుడు కింది కణాలు పనిచేస్తాయి, వేగం పెరిగేకొద్దీ పైవి అందుకుంటాయి. మెల్లటి ఈతకు పనికొచ్చే, కణాల మధ్య కబురు మోసే కొన్ని మధ్యవర్తి కణాలు వేగం పెరిగాక నోరు మూసుకుంటాయి కూడా.

ఈ విభజన కండలోనూ ఉంటుంది, దాన్ని మీరు కంచంలో చూడొచ్చు. కానాగంత ముక్క పైచర్మం తీసి చూడండి. పక్క నడిమధ్యన ముదురు రంగు పట్టీ ఉంటుంది, మిగతాదంతా లేత రంగు. ముదురుది ఆక్సిజన్ వాడుకుంటూ గంటల తరబడి మెల్లగా ఈదడానికి. లేతది పారిపోవడానికి, వేటాడటానికి, కాసేపటికే అలిసిపోతుంది. పులుసులో బాగా ఉడికిన ముక్కను వేలితో నొక్కితే పొరలు పొరలుగా విడిపోతుంది కదా, ఆ ఒక్కో పొర ఒక్కో ఖండం కండ. వెన్నుపాములోంచి ఒక్కో జత నాడి వచ్చేది అలాంటి ఖండాలకే. పొరలు తిన్నగా కాకుండా ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా మెలిక తిరిగి ఉంటాయి.

మరి రొయ్య?

రొయ్యకు వెన్నెముక లేదు, కాబట్టి వెన్నుపాము కూడా లేదు. దాని ప్రధాన నాడి పొట్ట వైపు పోతుంది. కానీ నెల్లూరు జిల్లాలో ఈ ప్రశ్న వదిలేయడం కుదరదు. రొయ్య మామూలుగా ఈదేది పొట్టకింద ఉన్న ఈతకాళ్ళతో. దాని దగ్గరి చుట్టమైన క్రేఫిష్‌లో చేసిన ప్రయోగాల్లో ప్రతి జత ఈతకాళ్ళకూ సొంత లయకేంద్రం ఉందని తేలింది. అక్కడ ఊపు వెనక జత నుంచి ముందు జతకు పాకుతుంది, చేపకు సరిగ్గా ఎదురు. అడుగు చప్పుడుకు తోక ముడుచుకుని వెనక్కి ఎగరడం మాత్రం పెద్ద నాడీ తీగల పని. పీనియస్ జాతి రొయ్యల్లో ఆ తీగల్లో సంకేతం సెకనుకు 200 మీటర్ల దాకా పోతుంది. జంతువుల్లో కొలిచిన అతి వేగవంతమైన నాడీ సంకేతాల్లో ఇదొకటి. మన ఒంట్లోని వేగవంతమైన నాడులు కూడా దానికి సాటిరావు.

పొలంలో మందు కొట్టాక కాలవ చేపలు పిచ్చెక్కినట్టు తిరుగుతాయి. అది కూడా నాడుల సమస్యేనా?

అవును, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటాయి. నాడి నుంచి కండకు "బిగుసుకో" అని చెప్పే రసాయనం ఆ అసిటైల్‌కోలినే. అది తొలగకపోతే కండ బిగుసుకునే ఉంటుంది. చేప వణుకుతుంది, సుడి తిరుగుతుంది, చివరికి మొప్పలు ఆడించలేక చస్తుంది. పైరెత్రాయిడ్ రకాలు వేరే దారిలో వస్తాయి. నాడీకణాల సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు. ఇవి మనుషులకన్నా చేపలకు, రొయ్యలకు ఎన్నో రెట్లు విషం. రెండు సందర్భాల్లోనూ వంతులాట చెడిపోతుంది. మందు కొట్టిన వరిమడి నీళ్ళను వెంటనే కాలవలోకి వదలకండి, ముఖ్యంగా కింద చేపల చెరువులు, రొయ్యల గుంటలు ఉన్నచోట.

వెన్నుకు దెబ్బ తగిలి కాళ్ళు పడిపోయినవాళ్ళకు ఇది ఏమైనా ఉపయోగపడుతుందా?

ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్ళు ఎంత ఆశతో అడుగుతారో తెలుసు, అందుకే జాగ్రత్తగా చెబుతాను. లాంప్రే వెన్నుపామును పూర్తిగా తెంచినా కొన్ని నెలల్లో తీగలు మళ్ళీ గాయం దాటి పెరుగుతాయి, అది మళ్ళీ ఈదుతుంది. జీబ్రా చేపకూ ఆ శక్తి ఉంది. మనకు లేదు. ఎందుకు లేదన్నదే ఈ పరిశోధనల్లో పెద్ద ప్రశ్న.

రెండోది, నడక లయ పుట్టించే అల్లిక మన వెన్నుపాములోనూ ఉందనడానికి సాక్ష్యాలున్నాయి. దెబ్బ తగిలినచోటికి కింద అది చాలాసార్లు చెడకుండానే ఉంటుంది, పైనుంచి ఆదేశం రాక ఊరుకుంటుంది. అందుకే ఒంటి బరువును పైనుంచి తాళ్ళతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించే శిక్షణ, వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్లు అమర్చి సన్నటి కరెంటు ఇచ్చే పద్ధతి వచ్చాయి. కొందరిలో నిలబడడం, కొన్ని అడుగులు వేయడం సాధ్యమైంది. అందరికీ కాదు, పూర్తిగా కూడా కాదు. "వెన్నుపాము కణాలు మళ్ళీ మొలిపిస్తాం" అని లక్షలు అడిగే ప్రకటనలు చూస్తే డబ్బు కట్టేముందు న్యూరాలజీ డాక్టర్ని అడగండి. ఫిజియోథెరపీ మాత్రం మానొద్దు. వాడని కండ, కీలు బిగిసిపోతే రేపు ఏ కొత్త చికిత్స వచ్చినా అందుకోలేం.

ఇంట్లోనో కాలేజీలోనో దీన్ని చూసే వీలుందా? చేపను కోయకుండా?

ఉంది, కోయనక్కర్లేదు. అడుగు తెల్లగా ఉన్న వెడల్పు టబ్బులో జానెడు నీళ్ళు పోసి, బతికున్న బొమ్మిడాయినో చిన్న కొర్రమీనునో వదలండి. కాసేపు దాన్ని కుదురుకోనివ్వండి. ఫోన్‌ను సరిగ్గా పైన పట్టుకుని వీడియో తీయండి. బొమ్మిడాయి తోక సెకనుకు రెండుసార్లు ఊగుతుంటే సాధారణ వీడియోలో, అంటే సెకనుకు 30 ఫ్రేములు, ఒక్కో ఊపుకు 15 ఫ్రేములు దొరుకుతాయి, సరిపోతాయి. చిన్న చేపలు సెకనుకు 20 సార్లు ఊపేటప్పుడు స్లోమోషన్ కావాలి. 240 ఫ్రేముల్లో తీస్తే ఒక్కో ఊపుకు 12 వస్తాయి.

ఫ్రేము ఫ్రేముగా ఆపి వంపు శిఖరం ఎక్కడుందో కాగితం మీద గుర్తుపెట్టండి. మూడు విషయాలు కనిపించాలి. శిఖరం తల నుంచి తోకకు జరుగుతుంది. తోక వైపు పోయేకొద్దీ వంపు పెద్దదవుతుంది. అల వెనక్కి పోయే వేగం చేప ముందుకు పోయే వేగం కన్నా ఎక్కువ, ఎందుకంటే నీటిలో కొంత జారుడు ఉంటుంది. మెల్లగా ఈదినప్పటిదీ, కంగారుపడి ఈదినప్పటిదీ విడివిడిగా కొలిచి, ఒంటి మీద అల పొడవు రెండింటిలో మారిందో లేదో చూడండి. అయ్యాక చేపను తెచ్చిన చెరువులోనే వదిలేయండి.